మనిషి మార్పిడి దరఖాస్తు

కంపెనీ మారదామని పెంకే సూర్యచంద్రం పెట్టుకున్న దరఖాస్తును అన్ని విధాలా పరిశీలించిన మీదట, అతని ఫోన్ నంబరు కంపెనీని కాకుండా మనిషిని మార్చుకోవడానికే మొగ్గు చూపిందని కాకినాడలోని సంఖ్యాధికారి కార్యాలయం నుంచి గురువారంనాడు కాగితం వచ్చింది. కింద యథావిధిగా రబ్బరు స్టాంపు ఉంది. విచారణకు సోమవారం పదకొండు గంటలకు హాజరు కావాలనీ, రాకపోతే నంబరు మాటే ఖాయం చేస్తారనీ రాసి ఉంది. సూర్యచంద్రం దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో ఫోన్ పక్కనే పెట్టుకున్నాడు. ఫోన్ ఏమీ అనలేదు.

ఇలాంటి కాగితాలు ఒక్క సామర్లకోటకే ఏడాదికి పాతిక ముప్పై వస్తుంటాయి కాబట్టి పోస్ట్‌మాన్ కూడా వింతపడలేదు. "మీది కూడానా?" అని మాత్రం అని సైకిలెక్కాడు.

సూర్యచంద్రానికి నలభై తొమ్మిదేళ్ళు. ఊరి చివర రైసు మిల్లులో లారీ కాటా దగ్గర ఉద్యోగం. ధాన్యం లారీ వచ్చి కాటా మీద నిలబడితే లోడు బరువు రాసుకోవాలి, సరుకు దింపి వచ్చాక ఖాళీ బరువు రాసుకోవాలి, చీటీ చింపి కిటికీలోంచి ఇవ్వాలి. గదికి ఒకే ఒక్క కిటికీ, అది కూడా చెయ్యి పట్టేంత. లారీ డ్రైవర్లకు అతని చెయ్యి బాగా తెలుసు. మొహం ఎలా ఉంటుందని అడిగితే మాత్రం తడుముకుంటారు. పెళ్ళి కాలేదు. సంబంధాలు చూసే మనిషి చూడ్డం మానేసింది, మిగతావాళ్ళు అది తమ పని కాదనుకున్నారు.

ఆ చూసే మనిషి అతని అక్క. పేరు అనంతలక్ష్మి, ఉండేది జగ్గంపేటలో. ఆరేళ్ళు పెద్దది. తల్లి పోయాక అన్నం పెట్టి చదివించింది ఆవిడే. తొమ్మిదేళ్ళ కిందట సూర్యచంద్రం రెండు గదుల డాబా కట్టుకుని గృహప్రవేశం పెట్టుకున్నాడు. సరిగ్గా దాళ్వా పంట కోతల రోజులు. మిల్లు ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి, ఓనరు గారు గంట సేపు కూడా సెలవివ్వలేదు. దాంతో అతను మధ్యాహ్నం భోజనం వేళలో కూర్చుని నలభై మందినీ ఫోన్‌లోనే పిలిచేశాడు. ఆ నలభై మందిలో అక్కని కూడా పిలిచేశాడు. అదీ పదిహేడో కాల్.

మన వైపు ఆడపడుచుని ఫోన్‌లో పిలవరు. గుమ్మంలోకి వెళ్ళి, బొట్టు పెట్టి, చేతిలో పండూ తాంబూలమూ పెట్టి, ముందురోజే వచ్చెయ్యమని బతిమాలతారు. ఆ సంగతి సూర్యచంద్రానికి తెలియక కాదు. లెక్కలో పడి చేసేశాడు. అనంతలక్ష్మి అంతా విని "సరే" అని పెట్టేసింది. రాలేదు. ఆడపడుచు పొంగించాల్సిన పాలు అతనే స్టవ్ ముందు నిలబడి పొంగించుకున్నాడు. పెళ్ళికాని మగాడు ఒక్కడే గిన్నెలోకి తొంగి చూస్తూ నిలబడ్డం చూడలేక పంతులుగారు అటు తిరిగి మంత్రం చదివారు.

తర్వాత ఎవరిదో పెళ్ళిలో ఒక బంధువు అక్క మాట మోసుకొచ్చాడు. "నాకు బుద్ధి పుట్టినప్పుడు నేనే ఫోన్ చేస్తాను. వాడి నంబరు నా దగ్గరుంది" అందిట. ఆ ఒక్క మాట పట్టుకుని సూర్యచంద్రం తొమ్మిదేళ్ళు గడిపాడు. తనే చేద్దామంటే మళ్ళీ ఫోన్‌తోనే సరిపెట్టాడంటుంది. వెళదామంటే గుమ్మంలోంచే పంపేస్తుందేమోనని భయం. అందుకని నంబరు మార్చలేదు. వాన రోజుల్లో ఫోన్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి జేబులో పెట్టుకునేవాడు. స్నానానికి వెళితే తలుపు పక్కన మేకుకి తగిలించుకునేవాడు.

చిక్కల్లా కొత్త డాబాలో సిగ్నల్ లేకపోవడం. ఎవరి ఫోనైనా అందుకోవాలంటే మేడెక్కి నీళ్ళ ట్యాంకు పక్కన, ఉత్తరం వైపు తిరిగి నిలబడాలి. తీరా అక్కకి బుద్ధి పుట్టిన వేళకి తను కింద వంటగదిలో ఉంటే? ఈ అనుమానం పట్టుకుని ఎదురింటివాళ్ళ కంపెనీకి మారదామనుకున్నాడు. నంబరు అదే ఉంటుంది, కంపెనీ మారుతుంది, దేశమంతా చేస్తున్నదే. మెసేజ్ పంపాడు, ఎనిమిది అక్షరాల కోడు వచ్చింది, బజారులో షాపుకి తీసుకెళ్ళాడు. అక్కడ కూర్చున్న అమ్మాయి ఆధార్ తీసుకుంది, కళ్ళు ఆర్పొద్దని ఫొటో తీసింది. "నంబరు అభిప్రాయం రావడానికి వారం పడుతుందండి. మామూలుగా అభ్యంతరం లేదనే రాస్తాయి" అంది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని పాపం ఆ అమ్మాయికి కూడా తెలియదు.

సోమవారం సెలవు పెట్టి కాకినాడ వెళ్ళాడు. సంఖ్యాధికారి వక్కలంక జానకీదేవి గారు మర్యాద గల మనిషి. కూర్చోమని కుర్చీ చూపించారు. ఆవిడ బల్ల మీద ఆరు ఫోన్లు వరసగా ఉన్నాయి. అవి ఇంకా మనుషుల్ని ఎంచుకోని నంబర్లని గుమాస్తా చెప్పాడు. తర్వాత నంబరు ఇచ్చిన వాంగ్మూలం చదివి వినిపించాడు.

"నేను పై వ్యక్తి దగ్గర పదహారేళ్ళుగా ఉంటున్నాను. ఆయన మీద నాకు వ్యక్తిగతంగా ఏ ఫిర్యాదూ లేదు. కింద పడెయ్యలేదు, తడవనివ్వలేదు. అయితే గత తొమ్మిదేళ్ళుగా నేను మోగినప్పుడల్లా ఆయన ఉలిక్కిపడి తీస్తారు. అవతల గొంతు వినగానే డీలాపడి, వద్దండి అక్కర్లేదండి అని పెట్టేస్తారు. అలా డీలాపడడం నేను మరీ దగ్గరగా చూశాను. మోగడం నా పని. ఎదురుచూడడం నా పని కాదు. కనుక నలుగురూ ఫోన్ చేసే మనిషి దగ్గరికి, రెండో సిమ్ము అరలోకైనా సరే, నన్ను పంపవలసిందిగా ప్రార్థన."

సూర్యచంద్రం తల వంచుకుని విన్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

"మీరేమంటారు?" అన్నారు జానకీదేవి గారు.

"నాకు ఈ నంబరు కావాలండి. మా అక్క చేస్తుంది."

"ఎప్పుడు?"

"ఎప్పుడో అండి."

"ఎప్పుడో అని రాయడానికి ఫారంలో గడి లేదండి. పోనీ, మీ అక్కగారు చేసేది మీకా, నంబరుకా?"

"రెండూ ఒకటే కదండీ."

"అది మీరు రుజువు చెయ్యాలి" అని ఆవిడ ఒక పచ్చ కాగితం ఇచ్చారు. ఆ నంబరు అతనిదేనని నలుగురికీ తెలిసినట్టు రుజువు కావాలి. అంటే, కనీసం ముగ్గురి ఫోన్లలో ఆ నంబరు ఆధార్‌లో ఉన్న పేరుతో సేవ్ అయి ఉండాలి, అలా ఉందని వాళ్ళు ఈ కాగితం మీద సంతకం పెట్టాలి. గడువు ఏడు రోజులు. ఆవిడ గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. రోజూ చేసే పనే.

మంగళవారంనాడు సూర్యచంద్రం ముందుగా మిల్లు ఓనరు గారిని అడిగాడు. ఆయన ఫోన్ తీసి చాలాసేపు వెతికి, చివరికి ఆ నంబరుకి రింగిచ్చి, తెర మీద ఏం పడిందో చూశారు. "కాటా" అని పడింది. పేరు మార్చమని అడిగితే, "ఇప్పుడు పేరు పెడితే రేపు అవసరానికి ఎలా వెతుక్కోనయ్యా" అన్నారు. అదీ నిజమే. పాలవాడి ఫోన్‌లో "అరలీటరు" అని ఉంది. మంగలి దగ్గర అసలు లేదు. "మీరు ప్రతి నెలా మొదటి ఆదివారం వచ్చేస్తారు కదండీ, ఫోనెందుకు" అన్నాడు. ఎదురింటి మాస్టారు ఫోన్‌లో మాత్రం మొత్తం పేరుంది. "సూర్యచంద్రం" అని, పక్కనే "మోటారు కట్టరు" అని. ట్యాంకు నిండిపోయి నీళ్ళు ఆయన వాకిట్లోకి వస్తున్నప్పుడు చేయడానికని పెట్టుకున్నారు. పచ్చ కాగితం నిబంధనల ప్రకారం పేరు వెనక విశేషణాలు చెల్లవు.

ముందూ వెనకా ఏమీ లేకుండా తన పేరు ఉండే ఫోన్ ఒక్కటే ఉందని అతనికి తెలుసు. ఒక్కటున్నా ఆలోచిస్తామని, తను కాకినాడ నుంచి వచ్చేముందు గుమాస్తా చెవిలో చెప్పాడు కూడా.

శుక్రవారం పొద్దున్న అరటిపళ్ళు, తమలపాకులు, కుంకుమ భరిణె, జాకెట్టు గుడ్డ కొని సంచిలో పెట్టుకుని జగ్గంపేట బస్సెక్కాడు. తొమ్మిదేళ్ళలో అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నది లేదు. పెద్దాపురం దాటేదాకా బాగానే ఉంది. దాటాక, చొక్కా జేబులోని పచ్చ కాగితం తగిలింది. అక్క తలుపు తీస్తుంది. సంచి చూస్తుంది. మొహం కాస్త మెత్తబడుతుంది. అప్పుడు తను కాగితం తీసి "ఇక్కడ సంతకం పెట్టక్కా" అనాలి. ఆవిడేమంటుందో అతనికి బస్సులోనే వినబడింది. "సంతకం కోసం వచ్చావేంట్రా?" అంటుంది. ఫోన్‌లో పిలిచినందుకు తొమ్మిదేళ్ళు అలిగిన మనిషి, పనుండి బొట్టు పెడితే ఎన్నేళ్ళు అలుగుతుందో లెక్క కట్టడానికి అతని దగ్గర కాటా లేదు.

జగ్గంపేటలో దిగాడు. వీధి మొదట్లో కిళ్ళీకొట్టు పక్కన అరగంట నిలబడ్డాడు. అక్కడినుంచి అరుగు మీద అక్క కనబడుతూనే ఉంది. చిక్కుడుకాయలు తుంచుతోంది. పక్కనే ఫోన్ ఉంది. జుట్టు బాగా తెల్లబడింది. ఒకసారి ఫోన్ చేతిలోకి తీసుకుంది. సూర్యచంద్రం జేబు గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ టైము చూసుకుని ఫోన్ కింద పెట్టి మళ్ళీ చిక్కుడుకాయలు అందుకుంది. కాగితం సంగతి తేలాక, ఏ పనీ లేకుండా, ఉత్తినే బొట్టు పెట్టడానికి వద్దామని నిశ్చయించుకుని అతను తిరుగు బస్సెక్కాడు. అరటిపళ్ళు మూడు రోజులు తిన్నాడు.

గడువు దాటిన మర్నాడే ఉత్తర్వు వచ్చింది. నంబరుని పెద్దాపురం వాస్తవ్యులు మట్టా ధనరాజు గారికి కేటాయించారు. ఆయనది షామియానాలు, కుర్చీలు, వంట సామాన్లు అద్దెకిచ్చే వ్యాపారం. రోజుకి రెండు వందల ఫోన్లు వస్తాయి. రెండో సిమ్ము అర ఖాళీగా ఉందని ఆయనే దరఖాస్తు పెట్టుకున్నారు. ఉత్తర్వులో నాలుగో అంశం ఇలా ఉంది: "నంబరుతో పాటు దానికి ఫోన్ చేసేవారు, చేయవలసినవారు, చేస్తామని చేయనివారు సైతం కొత్త మనిషికి బదిలీ అగుదురు." మూడో రకంలో ఒక్కరే ఉన్నట్టు పక్కన పెన్సిల్‌తో రాసి ఉంది.

నంబరు వెళ్ళిపోయిన రోజు చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. ఫోన్ తెర మీద మూలనున్న గీతలు పోయాయి. మేడ మీద ట్యాంకు పక్కన ఉత్తరం వైపు తిరిగి నిలబడ్డా రాలేదు. ఆ నంబరు మీద బుక్ చేసిన గ్యాస్ బండ పెద్దాపురం వెళ్ళింది. ధనరాజు మంచి మనిషి కావడంతో దాన్ని మర్నాడు షామియానా బండిలో పంపించాడు. మిల్లు ఓనరు గారు కాటాకి ఫోన్ చేస్తే ధనరాజే ఎత్తి, "వస్తున్నానండి" అన్నాడు. ఎవరూ రాలేదు, ఓనరు గారు కూడా పట్టించుకోలేదు. ట్యాంకు నిండినప్పుడు ఎదురింటి మాస్టారు ధనరాజుకి చెబుతున్నారు. ధనరాజు "కట్టేస్తున్నానండి" అంటున్నాడు. నీళ్ళు పోతూనే ఉన్నాయి, కానీ చెప్పాల్సిన మనిషికి చెప్పామన్న తృప్తి మాస్టారికి మిగిలింది. సూర్యచంద్రం లేడన్న సంగతి ఎవరి పనికీ అడ్డం రాలేదు. అది అతన్ని ఎక్కువ బాధపెట్టింది. ఒక్కరైనా తిట్టుకుంటారని ఆశపడ్డాడు.

పన్నెండో రోజున మధ్యాహ్నం భోజనం వేళ, కాటా గది కిటికీలోంచి కాకుండా తలుపులోంచి ఒక మనిషి లోపలికొచ్చాడు. లావుగా, నున్నగా, నుదుట బొట్టుతో ఉన్నాడు. వస్తూనే చేతులు జోడించాడు.

"నేనేనండి ధనరాజుని. మీకు చెప్పకుండా ఉండటం బాగోదని వచ్చానండి. మన అక్క ఫోన్ చేసిందండి."

సూర్యచంద్రం టిఫిను గిన్నె మూత పెట్టాడు. "ఎప్పుడండీ?"

"ఆదివారం పొద్దున్నండి. పన్లో ఉండి ఎత్తాను. ఏరా సూరీ, బతికున్నావా అంది. ఉన్నానక్కా అన్నాను."

"గొంతు పోల్చలేదా అండీ?"

"జలుబు చేసిందా అని అడిగిందండి. చేసిందన్నాను. పాలల్లో మిరియాలు వేసుకుని తాగమంది. ఆయ్, ఆ పూటే తాగేనండి." ధనరాజు ఎదురుగా ఉన్న బస్తా మీద కూర్చున్నాడు. "తర్వాత చాలాసేపు మాటాడిందండి. మోకాళ్ళ నొప్పులంట. మీరు ఆవిణ్ణి ఫోన్‌లో పిలిచేశారంట కదండీ? అలాగెలా పిలుస్తారండీ ఆడపడుచుని?"

"తప్పేనండి."

"తప్పు కాదా మరి. నాకు తల కొట్టేసినట్టయిందండి. మా అమ్మాయికి వచ్చే బుధవారం ఓణీలిస్తున్నాం. నేనూ మా ఆవిడా మర్నాడే జగ్గంపేట వెళ్ళి బొట్టు పెట్టి పిలిచొచ్చాం."

లారీ ఒకటి వచ్చి కాటా మీద నిలబడి హారన్ కొట్టింది. సూర్యచంద్రం కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి ఆగమని చూపించాడు.

"మరి మిమ్మల్ని చూసి ఏమందండీ?"

"చూసిందండి. కాసేపు అలా చూస్తూనే ఉంది. నాకూ భయమేసింది. అప్పుడు ఆవిడ లోపలికెళ్ళి ఫోన్ తెచ్చుకుని, నా ఎదురుగుండానే నిలబడి నంబరు నొక్కిందండి. నా జేబులో మోగింది. ఇంక చూస్కోండి, పట్టుకుని ఒకటే ఏడుపు. పొట్ట పెంచేవేంట్రా అంటుంది, మళ్ళీ ఏడుస్తుంది. నాకూ ఏడుపొచ్చేసిందండి. నాకు అక్కల్లేరు లెండి."

ధనరాజు కళ్ళు తుడుచుకుని, జేబులోంచి భరిణె తీసి సూర్యచంద్రం నుదుట బొట్టు పెట్టాడు. "మీకు ఫోన్ లేదు కదండీ, అందుకని స్వయంగా పిలుస్తున్నాను. మీరు తప్పకుండా రావాలి" అన్నాడు. అతను వెళ్ళాక సూర్యచంద్రం లారీ బరువు రాశాడు. ఆ పూట రాసిన బరువుల్లో ఒక్కటీ తప్పు పోలేదు. ఎందుకు పోలేదా అని తనమీద తనకే అసహ్యం వేసింది.

బుధవారం వెళ్ళాడు. ధనరాజు సొంత షామియానా కాబట్టి వీధంతా వేశాడు. పెళ్ళికూతురిలా ముస్తాబైన పిల్ల పక్కన, మేనత్త హోదాలో, అనంతలక్ష్మి పట్టుచీర కట్టుకుని కూర్చుంది. హారతి మొదట ఆవిడే ఇచ్చింది. ధనరాజు పెళ్ళాం ఆవిణ్ణి వదినగారూ వదినగారూ అంటూ ఒక్క క్షణం నిలబడనివ్వడం లేదు, మోకాళ్ళు నొప్పి కదా అని కుర్చీ వెనకాలే మోయిస్తోంది. సూర్యచంద్రం నాలుగో వరసలో కూర్చుని చూశాడు. అక్క నవ్వుతోంది. ఆ నవ్వు తొమ్మిదేళ్ళుగా తను ఎదురుచూసినదే, ఒక్క పన్ను కూడా తేడా లేదు.

భోజనాల దగ్గర ఆవిడే బంతుల మధ్య తిరుగుతూ మర్యాదలు చూసుకుంది. సూర్యచంద్రం విస్తరి ముందుకొచ్చి ఆగింది.

"బూరె వెయ్యలేదా బాబూ నీకు?" అని బుట్ట పట్టుకున్న వంటమనిషిని కేకేసింది. తనే విస్తట్లో రెండు బూరెలు వేయించి, పొడిచి నెయ్యి పోయించింది.

"అక్కా," అన్నాడు సూర్యచంద్రం. "నేను సూరిని."

ఆవిడ జాలిగా చూసింది. ఎండలో వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది.

"సూరి అదుగో, పప్పు వడ్డిస్తున్నాడు కదా" అని ధనరాజుని చూపించింది. ఊరుకోలేక సూర్యచంద్రం పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. "నీదే ఊరు బాబూ? ఒక్కడివే వచ్చావా? నీకు అక్కచెల్లెళ్ళున్నారా?"

"ఒక అక్క ఉందండి."

"మాటాడుకుంటారా?"

"లేదండి."

"అదేం పనయ్యా! నేనూ అలాగే ఏడిచాను. తొమ్మిదేళ్ళు వాడి మీద అలిగి కూచున్నాను. రోజూ ఫోన్ చేతిలోకి తీసుకునేదాన్ని, మళ్ళీ పెట్టేసేదాన్ని. వాడు రావాలని నేను, నేను చెయ్యాలని వాడు. చివరికి నేనే చేశాను, వాడే వచ్చాడు. ఎంతసేపయ్యా, ఒక్క ఫోను! ఆవిడ నంబరుందా నీ దగ్గర?"

"ఆవిడ నంబరుందండి. నాదే లేదు."

అనంతలక్ష్మికి ఆ మాట అర్థమైనట్టే ఉంది. నంబరు లేని మనుషుల గురించి ఆవిడ కూడా వినే ఉంటుంది. లేచి, అతని భుజం మీద చెయ్యి వేసి, "తిను బాబూ, చల్లారిపోతుంది" అంది. ఆ చెయ్యి ఎంతసేపుందో సూర్యచంద్రం సరిగ్గా చెప్పగలడు. తర్వాత అవతలి బంతిలోంచి ఎవరో పిలిస్తే ఆవిడ వెళ్ళిపోయింది. అతను బూరెలు రెండూ తిన్నాడు. నెయ్యి ఎక్కువైనా వదల్లేదు. వెళ్ళేటప్పుడు ధనరాజు అందరితో పాటు అతనికీ తాంబూలం సంచి ఇచ్చాడు.

నంబరు లేని మనిషిని ముప్పై రోజులకు మించి అలా ఉంచకూడదని నిబంధన. ముప్పయ్యో రోజున జానకీదేవి గారు పిలిపించారు. బల్ల మీది ఆరు ఫోన్ల పక్కన కొత్తగా చేరిన ఏడోది రెండు రోజుల కిందట మనిషిని ఎంచుకుందిట, అది సూర్యచంద్రాన్నే ఎంచుకుందిట. ఎందుకో కూడా రాసింది. "ఎప్పుడు మోగినా ఎత్తుతాడని విన్నాను" అని ఒకే ఒక్క వాక్యం.

"ఇంతకుముందు ఇది ఎవరిదండీ?" అన్నాడు సూర్యచంద్రం.

"అది చెప్పకూడదండి. ఆయన దగ్గర ఇష్టం లేక వచ్చేసింది. ఆయనకి షిఫ్టు డ్యూటీ, సగం కాల్స్ ఎత్తలేకపోయేవారు."

"ఎవరైనా చేస్తారా అండీ దీనికి?"

జానకీదేవి గారు రికార్డు చూసి, "ఒకరు చేస్తారు" అన్నారు. "నాలుగో అంశం చదువుకుని సంతకం పెట్టండి."

అతను చదవకుండానే పెట్టాడు. చదివితే పెట్టలేనని అతనికి తెలుసు.

మర్నాడు పదకొండున్నరకి, కాటా మీద తవుడు లారీ ఉండగా ఫోన్ మోగింది. సూర్యచంద్రం ఉలిక్కిపడి ఎత్తాడు.

"నాన్నా, బస్సెక్కాను" అంది ఒక ఆడపిల్ల గొంతు. వెనకాల బస్సు చప్పుడు, కండక్టరు కేకలు. "సీటు దొరికింది. నాన్నా, వినబడుతోందా?"

ఎక్కడో ఒక మనిషి షిఫ్టు దిగి, జేబులో మడిచిన కాగితంతో, గీతలు పోయిన ఫోన్‌ని చూసుకుంటూ నిలబడి ఉంటాడు. ఆ మనిషి ఎలా నిలబడి ఉంటాడో లోకంలో అందరికంటే సూర్యచంద్రానికే బాగా తెలుసు. రాంగ్ నంబరమ్మా అనాలి. రెండు మాటలు. లారీ హారన్ కొట్టింది. అతనికి సిగ్గేసింది. సిగ్గు మీద, ఆపుకోలేనంత సంతోషం వేసింది.

"వినబడుతోందమ్మా" అన్నాడు. "చెయ్యి బయట పెట్టకు. దిగ్గానే ఫోన్ చెయ్యి, నేను ఎత్తుతాను."

"ఈమధ్య అసలు ఎత్తడం లేదుగా నువ్వు."

"ఇకనుంచి ఎత్తుతాను."

"సరే నాన్నా" అని పిల్ల పెట్టేసింది. ఏ ఊళ్ళో దిగుతుందో అతను అడగలేదు. తండ్రికి ఆ మాత్రం తెలిసే ఉండాలి కదా.